ఉగాది నాటకానికి కోట గేటు

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. అమెరికా వచ్చి హెర్న్‌డన్‌లో చేసిన ఉద్యోగం డేటాబేసులు కాపలా కాయడం. చేతికి గ్రీజు అంటి ఎన్నేళ్ళయిందో గుర్తు కూడా లేదు. అందుకే రెండు వేల తొమ్మిది ఉగాదికి మా తెలుగు సంఘం నాటకం వేస్తోందని, కోట సెట్టు కట్టడానికి మనిషి కావాలని తెలిసినప్పుడు, అడిగినాయన మాట పూర్తి కాకముందే సరేనన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మాయి లైబ్రరీ నుంచి ఒక బొమ్మల పుస్తకం తెచ్చుకుంది. ఇంగ్లండు వైపు పాత కోటలను నిలువునా కోసి లోపలేముందో చూపించే పుస్తకం. తనకోసం తెచ్చుకున్న పుస్తకాన్ని నేను లాక్కుని సోఫాలో కూర్చున్నాను. అందులో పోర్ట్‌కలిస్ అనే కోట గేటు చూసి నాకు మతి పోయింది.

మన తలుపుల్లా అది పక్కకు తెరుచుకోదు. దూలాలంత కర్రలను నిలువుగా అడ్డంగా జల్లెడలా అల్లి, కింది కొసలన్నీ మొనదేల్చి, వాటికి ఇనుప తొడుగులు వేస్తారు. ద్వారానికి రెండు పక్కలా గోడలోనే నిలువు గాడులుంటాయి. ఆ గాడుల్లో అది పైకీ కిందికీ జారుతుంది. పైగదిలో పెద్ద ఇరుసు, దానికి చుట్టిన గొలుసులు. ఎత్తడానికి పదిమంది చెమటోడ్చాలి. దించడానికి ఒక మేకు లాగితే చాలు. శత్రువు పరుగున వస్తుంటాడు, ధన్‌మని కళ్ళ ముందు పడుతుంది. పడ్డాక కూడా ఆ జల్లెడ కంతల్లోంచి లోపలివాళ్ళు బాణాలు వేయొచ్చు, ఈటెలు పొడవొచ్చు. ఇంకొన్ని కోటల్లో ముందొకటి, వెనకొకటి. ముందుకొచ్చిన వాణ్ణి రెండింటి మధ్యా ఇరికించేవారట. ఇంత తెలివి, ఇంత సులువు! పుస్తకం మూసేసరికి నాకు వెంటనే గ్యారేజీలోకి పరిగెత్తాలనిపించింది. పరిగెత్తాను కూడా.

నాటకం రాసింది, అందులో కోట అధిపతి వేషం వేసేది ఒక డాక్టరుగారు. పంతొమ్మిది వందల డెబ్బైల్లో వచ్చి ఇక్కడ స్థిరపడిన గుండె వైద్యుడు, అప్పటికి రిటైరయ్యారు. రిహార్సల్స్ వాళ్ళింటి బేస్‌మెంట్‌లోనే. ఆయన ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె నొక్కి, కళ్ళు మూసుకుని పద్యం ఎత్తుకుంటే, పై అంతస్తులో ఆంటీగారు మిక్సీ ఆపేసేవారు.

మొదటిరోజే నేను గేటు బొమ్మ గీసి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని చూశారు.

"ఏంటయ్యా ఇది?"

"పోర్ట్‌కలిస్ అంకుల్. పైనుంచి పడుతుంది."

"మా గుంటూరు వైపు కోటలన్నీ ఎక్కి చూశానయ్యా నేను. తలుపులుంటాయి. ఏనుగులు నెత్తితో గుద్దకుండా వాటికి ఇనప ముళ్ళుంటాయి. పైనుంచి జారే ఈ జల్లెడ ఎక్కడా చూళ్ళేదే!"

"స్టేజ్ మీద తలుపు వేస్తే ఏముంది అంకుల్, అందరిళ్ళల్లో ఉన్నదేగా. ఇది పడితే చూడండి, పిల్లలు కూడా వీడియో గేమ్‌లు పక్కన పెట్టి చూస్తారు."

ఆయన నవ్వేశారు. "సరే, కానీ. కోట నీది, పద్యం నాది."

ఆ పద్యం కథ కూడా ఆరోజే చెప్పారు. మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు రాత్రుళ్ళు నాటకాలకు పోయేవారట. పద్యం బాగుంటే జనం "వన్స్ మోర్" అని అరిచేవారు. ఆ మాట వినబడితే నాటకం నిలిచిపోవాల్సిందే. యుద్ధం ఆగుతుంది, రథం ఆగుతుంది, పాడినవాడు మళ్ళీ పాడాలి. ఒకసారి పద్యం పాడి చచ్చిపోయిన రాజు, వన్స్ మోర్ అనగానే లేచి, బట్టలు దులుపుకుని, మళ్ళీ పాడి మళ్ళీ చచ్చిపోయాడట.

"ఇక్కడికొచ్చిన కొత్తలో మేం నాలుగు కుటుంబాలం. పద్యం పాడితే ముగ్గురు డాక్టర్లు, ఒక సైంటిస్టు వినేవాళ్ళు. మర్యాదగా తల ఊపేవారు. తరవాత సంఘం పెద్దదయ్యాక నాకు దండలేశారు, శాలువాలు కప్పారు, చీఫ్ గెస్ట్ కుర్చీ ఇచ్చారు. స్టేజ్ మాత్రం ఇవ్వలేదు. ఈ వేసవిలో శాంటా క్లారా వెళ్ళిపోతున్నాం, అమ్మాయి దగ్గరికి. మన సంఘం వాళ్ళ మధ్య ఇదే నా ఆఖరి ఉగాది." ఆయన శ్రుతిపెట్టె ఆపి, కాస్త సిగ్గుపడుతున్నట్టుగా అన్నారు. "జీవితంలో ఒక్కసారి ఎవడన్నా నన్ను వన్స్ మోర్ అంటే చాలయ్యా."

ఆ మాట నేను విన్నాను. విని, గేటుకి ఏ కర్ర వాడాలా అని ఆలోచిస్తున్నాను.

తరవాతి వారాంతాలన్నీ పండగే. రంపం, డ్రిల్లు, రంపపు పొట్టు. కర్రలు కోసి జల్లెడ బిగించాను. నాటకం వేసే స్కూలు ఆడిటోరియం మేనేజరు ఒప్పుకోవాలి కాబట్టి మొనలకు ఇనుము బదులు ఫోమ్ తొడుగులు వేసి, ఇనుప రంగు పూశాను. పక్కింటి అమెరికన్ తన కుక్కను తిప్పుతూ రోజూ ఆగి చూసేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, మీ ఇంటిమీద ఎవరైనా దండెత్తుతున్నారా అని అడిగాడు.

గేటు దాదాపు ఒక మనిషి బరువు తూగింది. అంత బరువును ఒక్కణ్ణే ఎత్తాలి, స్కూలు స్టేజీ చెక్క పగలకుండా దించాలి. అందుకని తాడును కప్పీ మీదుగా తెచ్చి, రెండో కొసకు పాల డబ్బాలు మోసే ప్లాస్టిక్ క్రేటు కట్టి, అందులో సోనా మసూరి బియ్యం బస్తాలు పెట్టాను. బియ్యం బరువు గేటు బరువుకన్నా కొంచెమే తక్కువ. తాడును పట్టి ఉంచడానికి ఒక మేకు. మేకు లాగితే గేటు దర్జాగా దిగుతుంది, బియ్యం పైకి పోతాయి. మొదటిసారి గ్యారేజీలో అది పనిచేసినప్పుడు నేను ఎగిరి గంతేశాను.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "ఇంట్లో ట్యాప్ లీక్ అవుతోందని నెలనుంచీ చెప్తున్నా. కోట గేటు మాత్రం రెడీ."

"ఉగాది అయ్యాక చూస్తా."

"ఏ సంవత్సరం ఉగాది?"

ఇక నేను చేసిన పని చెప్పాలి. కథలో ఘట్టం ఇది: శత్రువు వచ్చేస్తున్నాడు. ఊరి జనం కోటలోకి పరుగెత్తుతున్నారు. అధిపతి సరిగ్గా గేటు కింద నిలబడి, అందరూ లోపలికొచ్చేదాకా దించనివ్వనని పద్యం పాడతాడు. పాడి వెనక్కి అడుగేస్తాడు, గేటు పడుతుంది. రిహార్సల్లో చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. శత్రువులు కత్తులెత్తి నిలబడి ఉంటారు, నా గేటు పైన వేలాడుతూ ఉంటుంది, ఈయన రాగం తీస్తూనే ఉంటారు. పడే గేటుకి అందం ఆ తటాలున పడటంలో ఉంది కదా! అంతసేపు ఊరిస్తే ఎవడికి థ్రిల్?

ఒకరోజు ఆయన్ను పక్కకు పిలిచి అన్నాను. "కమిటీ వాళ్ళు టైమ్ తగ్గించారు అంకుల్. పిల్లల డాన్సులు చాలా వచ్చాయట. పద్యంలో మొదటి రెండు పాదాలు చాలన్నారు."

కమిటీ ఏమీ అనలేదు. కమిటీకి పద్యం ఉన్న సంగతే తెలియదు.

ఆయన కాసేపు శ్రుతిపెట్టె మీటలు తడుముతూ కూర్చున్నారు. "అసలు సంగతి కింది రెండు పాదాల్లో ఉందయ్యా."

"తెలుసు అంకుల్. ఏం చేస్తాం."

"సరేలే. వాళ్ళ ఇబ్బందులు వాళ్ళవి."

నాకు తెలియదు నిజానికి. కింది రెండు పాదాల్లో ఏముందో నేను శ్రద్ధగా వినలేదు. ఇంటికి వస్తూ కారులో ఈల వేసుకున్నానని కూడా గుర్తుంది.

ఉగాది రోజు హాలు నిండిపోయింది. పట్టుచీరలు, పచ్చడి గిన్నెలు, గజ్జెలు కట్టుకుని కారిడార్లలో పరుగెత్తే పిల్లలు. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు వెనక వరసల్లో స్వెటర్లు వేసుకుని, మంకీ క్యాపులు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నమే నేను గేటు ఎత్తి, మేకు దిగ్గొట్టి, క్రేటులో బస్తాలు సరిచూసుకుని, దాని చుట్టూ నల్లగుడ్డ దింపాను. సాయంత్రం మళ్ళీ గుడ్డ ఎత్తి చూడలేదు. రంగు పూసిన మొనలమీద లైటు ఎలా పడుతోందో చూసి మురిసిపోవడంతోనే సరిపోయింది.

తెర లేచింది. గేటు కనబడగానే పిల్లలు "వావ్" అన్నారు. తెర పక్కన చీకట్లో మేకు మీద చెయ్యి వేసి నిలబడ్డ నాకు ఒళ్ళు పులకరించింది. ఊరి జనం పరుగెత్తుకొచ్చారు. శత్రు సేనాపతి, వరంగల్ నుంచి వచ్చిన మా ఆఫీసు మిత్రుడు, అట్ట కత్తి తిప్పుతూ అటు మూల ప్రవేశించాడు. తలపాగా, అతికించిన గుబురు మీసాలతో డాక్టరుగారు గేటు కిందికి వచ్చి నిలబడ్డారు. హాలు కొంచెం సద్దుమణిగింది. ఆయన ఎత్తుకున్నారు:

"ఊరి జనమెల్ల లోపలి కొదుగు వరకు
కదలదీ తల్పు, దింపుట కాదు గొప్ప..."

బేస్‌మెంట్‌లో విన్న గొంతు కాదది. మైకు అక్కర్లేని గొంతు. "గొప్ప" మీద ఒక సంగతి వేసి ఆపారు. రెండు పాదాలు అయ్యాయి. నేను మేకు లాగాను.

అదే క్షణంలో వెనక వరసలోంచి ఒక ముసలి గొంతు ఖంగుమంది.

"వన్స్ మోర్!"

వెనక్కి అడుగేయబోయిన డాక్టరుగారు అక్కడే ఆగిపోయారు. గేటు కిందే. చేతులు జోడించి, ఆ గొంతు వచ్చిన వైపు చూస్తున్నారు. పైనుంచి గేటు దిగడం లేదు, పడుతోంది! నా పక్కన క్రేటు జివ్వున పైకెగిరింది. దాన్లో ఏమీ లేదు. ఖాళీ!

రెండు చేతులా తాడు పట్టుకున్నాను. తాడు అరచేతుల్లోంచి బుసకొడుతూ జారింది, మంట పుట్టింది, నేను కాళ్ళు ముడుచుకుని నా బరువంతా వేసి వేలాడాను. గేటు ఆగింది. ఫోమ్ మొనలు ఆయన తలపాగాకు జానెడు పైన ఊగుతున్నాయి. ఆయన పైకి చూడనే లేదు. హాలంతా చప్పట్లు. గేటు అలా సగంలో ఆగడం మా ప్లానే అనుకున్నారు!

డాన్సు పిల్లలను వరస పెడుతున్న మా ఆవిడ నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. "ఏవండీ! ఏం చేస్తున్నారు?"

"పట్టుకో! తాడు పట్టుకో! బియ్యం ఏవి?"

"ఏం బియ్యం?"

"క్రేట్‌లో బస్తాలు! నా బస్తాలు!"

ఆమె తాడు పట్టుకుంటూనే నోరు తెరిచింది. "అవి మీవా? డిన్నర్‌కి రైస్ షార్టేజ్ అయితే, స్టేజ్ వెనకాల బస్తాలున్నాయని ఎవరో చెప్పారు. కెఫెటీరియాకి పంపించేశాం."

"తెప్పించు!"

"ఎక్కణ్ణుంచండీ? కుక్కర్‌లో ఉన్నాయి. ఉడుకుతున్నాయి!"

ఆ స్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది. నవ్వితే తాడు జారుతుందని పళ్ళు బిగబట్టాను. శత్రు సేనాపతి కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే, ప్రేక్షకులకు వీపు తిప్పి నా వైపు గుసగుసగా అరిచాడు. "ఏందన్నా? నేను ఉరికి రావాల్నా, వద్దా?"

"రావొద్దు! అక్కడే ఉండు!"

"ఎంతసేపు?"

"అంకుల్ పాడినంతసేపు!"

అతను కత్తి దించి, చేతులు కట్టుకుని, బుద్ధిగా వినడానికి నిలబడ్డాడు. వన్స్ మోర్ అన్నాక శత్రువైనా అంతే.

ఆయన ఈసారి ఆలాపనతో మొదలుపెట్టారు. ఎక్కడా తొందర లేదు. అరచేతులు కాలుతుంటే నేను ఒక్కొక్క స్వరాన్నీ లెక్కపెట్టుకుంటున్నాను. రెండు పాదాలు అయ్యాయి. ఆపలేదు. వన్స్ మోర్ అన్నది జనం, ఇక కమిటీ ఎవరు?

"వెనుక మిగిలిన యవ్వను వెదకి తేగ
పైకి పట్టిన చేయియే భటుని ఘనత!"

అప్పుడు విన్నాను ఆ రెండు పాదాలను, మొట్టమొదటిసారి. గేటు దించేవాడిది కాదట గొప్ప. వెనకబడిన ఒక్క ముసలమ్మను ఎవరో వెదికి తెచ్చేదాకా దాన్ని పైన పట్టుకుని ఉన్న చేతిదట. ఆ చెయ్యి నాటకంలో కనబడదు. పైగదిలో, చీకట్లో, ఇరుసు దగ్గర ఉంటుంది. పుస్తకంలో ఆ గది బొమ్మను ఎన్నిసార్లు చూశాను! ఇరుసు చూశాను, గొలుసు చూశాను, పళ్ళచక్రం చూశాను. దాన్ని పట్టుకుని నిలబడిన మనుషులను చూడనే లేదు.

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అయితే అబద్ధమెందుకు, ఆ సిగ్గుకంటే ఎక్కువగా గుండె ఉరకలేస్తోంది. ఆ గొంతు హాలును ఎత్తేస్తోంది. తాడు మీద మా ఆవిడ, నేను, మా ఇద్దరి బరువు, ఆ పైన ఆ గేటు, దాని కింద ఆయన. వదలను, చచ్చినా వదలను అనుకున్నాను. ఆ గేటును తయారుచేసినన్ని వారాల్లో ఎప్పుడూ కలగని ఆనందం అది.

పద్యం ముగిసింది. చప్పట్లు. మా ఆవిడ "హమ్మయ్య" అంది. ఆ చప్పట్లలోంచే మళ్ళీ వినబడింది, ఈసారి ఒక గొంతు కాదు, స్వెటర్ల వరసంతా.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

మా ఆవిడ నా వైపు చూసింది. "ఏవండీ, నా వల్ల కాదు. ఆయన్ని లోపలికి రమ్మనండి."

"వద్దు. పాడనీ."

"చేతులు చూసుకున్నారా?"

"పాడనీవే!"

వరంగల్ మిత్రుడు మా అవస్థ చూశాడు. కత్తి నడుముకు దోపుకుని, శత్రు సేనను స్టేజ్ మీద వదిలేసి, తెర పక్కకు వచ్చి తాడు పట్టుకున్నాడు. కోటను ముట్టడించడానికొచ్చినవాడే గేటు ఎత్తి పట్టుకోవడం ఏ చరిత్రలోనూ ఉండదు.

"గింత బరువుందేందన్నా? బియ్యం పెడ్తనంటివి?"

"వండేశారు తమ్ముడూ."

"అయితే మంచిదే. ఆకలైతాంది."

మూడోసారి పాడటం ముగించి డాక్టరుగారు హాలుకు నమస్కరించి, ఠీవిగా వెనక్కి అడుగేశారు. మిత్రుడు ఉరికి స్టేజ్ మీదికి పోయి కత్తి ఎత్తాడు. నేను తాడు వదిలాను. ఆపడానికి బియ్యమేమీ లేవు కదా, గేటు ఆ పాత కోటల్లో పడ్డట్టే పడింది. ధన్! ముందు వరస పిల్లలు కెవ్వుమని, వెంటనే కేరింతలు కొట్టారు. స్టేజీ చెక్క పగల్లేదు. నేను నేలమీద చతికిలబడి, అరచేతులు చూసుకుంటూ, పిచ్చివాడిలా నవ్వుతున్నాను.

మేకప్‌కిచ్చిన క్లాస్‌రూమ్‌లో డాక్టరుగారే నా చేతులకు మందు రాశారు. ఒక పక్క మీసం ఊడి వేలాడుతోంది. ఆయన అది గమనించే స్థితిలో లేరు. ముఖం వెలిగిపోతోంది. అప్పుడు ఊరుకుని ఉంటే ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఊరుకోలేకపోయాను.

"అంకుల్, కమిటీ ఏమీ అనలేదు. పద్యం కోసింది నేనే. అబద్ధం చెప్పాను."

కట్టు చుడుతున్న చెయ్యి ఆగింది. "ఎందుకు?"

"నా గేటు త్వరగా పడాలని."

ఆయన నా ముఖంలోకి కొంచెంసేపు చూశారు. వెలుగు తగ్గింది, స్పష్టంగా తగ్గింది. అది నేను చేసిందే. తరవాత కట్టు మళ్ళీ చుట్టడం మొదలుపెట్టారు, ఇందాకటికన్నా బిగువుగా.

"అమ్మా!" అన్నాను.

"ఓర్చుకో." ముడి వేసి, కత్తెర పక్కన పెట్టారు. "గేటు బాగా పడిందయ్యా. మన కోటలకి లేదనుకో."

"క్షమించండి అంకుల్."

"ఊఁ." ఆయన ఎదురు బెంచీ మీద కూర్చుని తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. హాల్లో పిల్లల డాన్సు పాట మొదలైంది. కాసేపటికి, అటు గోడవైపు చూస్తూ అడిగారు. "మొదట అన్నది ఎవరయ్యా?"

"వెనక వరసలో ఒకాయన అంకుల్. బూడిదరంగు స్వెటర్. మా ఆవిడ కనుక్కుంది, నరసరావుపేటట. కొడుకు దగ్గరికి వచ్చారట."

"నరసరావుపేట!" ఊడిన మీసం పైపెదవి మీద వణికింది. "వాళ్ళకి పద్యం తెలుసయ్యా. ఊరికే అనరు వాళ్ళు. ఎలా అన్నాడు? నువ్వు పక్కనుంచి విన్నావుగా."

"ఖంగుమని అన్నారు అంకుల్. మీరు 'గొప్ప' దగ్గర ఆపీ ఆపకముందే."

ఆయన కళ్ళు మూసుకున్నారు. బయట కారిడార్‌లోంచి అన్నం ఉడికిన వాసన వస్తోంది, నా బస్తాలదే.

"మళ్ళీ చెప్పు," అన్నారు.

మళ్ళీ చెప్పాను.